ఊరికి మేలు చేసినవాళ్లని గుర్తుపెట్టుకోవాలంటే, విగ్రహం కన్నా ముందు చేయాల్సిన పని

తర్వాత చదివేవాళ్లకి అర్థం కావాలని మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్లీ రాస్తున్నా. మీ ఊళ్లో హైస్కూలుకి స్థలం ఇచ్చిన పెద్దాయన ఒకరు, పేదవాళ్ల దగ్గర ఏనాడూ డబ్బు తీసుకోకుండా వైద్యం చేసిన ఆర్‌ఎంపీ డాక్టరు ఒకరు, సొంత ఇంటి వసారాలో గ్రంథాలయం నడిపిన మాష్టారు ఒకరు ఉండేవారు. ముగ్గురూ పోయారు, ఇప్పటి పిల్లలకి వాళ్ల పేర్లు కూడా తెలియవు. కొందరు విగ్రహాలు పెడదామంటున్నారు, మీకేమో పుస్తకం వేయాలని ఉంది, కానీ ఫొటోలు సరిగ్గా లేవు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇంతే కదా.

నేను చాలా ఏళ్లుగా ఊళ్ల చరిత్రలు, స్థానికుల జ్ఞాపకాలు సేకరించే పనిలో ఉన్నాను, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ. కాబట్టి సూటిగా చెబుతా. విగ్రహం, పుస్తకం రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ ముగ్గురితో కలిసి పనిచేసినవాళ్లు, వాళ్లని దగ్గరగా చూసినవాళ్లు ఇంకా ఎవరెవరు ఉన్నారో ఒక కాగితం మీద రాయండి, వయసులో పెద్దవాళ్లు పైన వచ్చేలా. ఆ వరసలోనే ఈ నెలలో వెళ్లి కలవండి. రాయి ఎప్పుడైనా చెక్కించుకోవచ్చు. ఆఫీసు కాగితాలు ఇంకో పదేళ్ల తర్వాత వెతికినా చాలావరకు దొరుకుతాయి. కానీ డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా చేసినాయనకి ఎనభై దాటాయని, వినికిడి తగ్గుతోందని మీరే రాశారు, ఆయన దగ్గర ఉన్నది ఇంకెక్కడా దొరకదు.

విగ్రహం గురించి ఒక మాట చెప్పి వదిలేస్తా. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఒకటుంది, రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే ఇతర బహిరంగ స్థలాల్లో కొత్త విగ్రహాలకి రాష్ట్రాలు అనుమతి ఇవ్వకూడదని. మన ఊళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకున్నట్టు కనిపించదు కానీ, ఎవరైనా ఫిర్యాదు చేసిన రోజున మీ పెద్దాయన బొమ్మకి ముసుగు కప్పి పెడతారు, అది ఆయనకి మర్యాద కాదు. పైగా విగ్రహం అనగానే ముందు ఎవరిది, తర్వాత ఎంత ఎత్తు, ఆ తర్వాత ఏ కులం వాళ్లది ఏ సెంటర్లో అనే గొడవ మొదలవుతుంది, ఆ గొడవలో ఆయన ఏం చేశాడన్నది ఎవరికీ పట్టదు. స్కూలు ఆవరణలో, గోడ మీద, నాలుగు వాక్యాలతో ఒక శిలాఫలకం పెట్టండి, దానికి హెడ్మాస్టరూ విద్యా కమిటీ ఒప్పుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఆ నాలుగు వాక్యాల్లో ఏం రాయాలన్నదే అసలు పని, మిగతా సమాధానమంతా దాని గురించే.

మన దగ్గర సంస్మరణ సంచికలు చాలా చూశాను. "మృదుస్వభావి, అజాతశత్రువు, దానశీలి, ఆపద్బాంధవుడు." ఇవే మాటలు ప్రతి ఊళ్లో, ప్రతి మనిషికీ. పేరు మార్చి పక్క ఊరాయనకి పెట్టినా తేడా తెలియదు. చదివిన పిల్లవాడికి ఏ బొమ్మా కనిపించదు, అందుకే గుర్తుండదు. మన పాత శాసనాలు రాయించినవాళ్లు ఈ విషయంలో మనకన్నా చాలా జాగ్రత్తగా ఉన్నారు. ద్రాక్షారామం గుడి శాసనాలు చూడండి, అఖండ దీపానికి దానం ఇచ్చినవాడి పేరుతో ఆగరు, ఎన్ని గొర్రెలు ఇచ్చాడు, వాటిని ఏ బోయకి, అంటే మందని కాసేవాడికి, అప్పగించారు, ఆ బోయా అతని పిల్లలూ మనవలూ రోజూ దీపానికి మానెడు నెయ్యి పోయాలి అని కూడా చెక్కించారు. ఇచ్చినవాడితో పాటు దాన్ని నడిపించాల్సినవాడి పేరూ రాతి మీద ఉంది! 1261 నాటి మల్కాపురం శాసనంలో మందడం, వెలగపూడి గ్రామాల దానం గురించి ఉంటుంది, రుద్రమదేవి కాలంది. ఆ ఆదాయంలోంచి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రం, చదువు చెప్పేవాళ్లు, వైద్యుడు, వంటవాళ్లు, లెక్కలు రాసే కరణం, ఇలా ఎవరెవరికి ఏమిటన్నది వివరంగా రాయించారు. ఏడున్నర శతాబ్దాల తర్వాత కూడా ఆ ఊళ్లో ఏం జరిగేదో మనం ఊహించుకోగలుగుతున్నామంటే ఆ వివరాల వల్లే, రాణిగారి బిరుదుల వల్ల కాదు.

మీ డాక్టరు గారి గురించి కూడా అలాంటి వివరమే కావాలి. "పేదల పాలిట దేవుడు" అని రాస్తే ఏమీ తెలియదు. మందులు ఎక్కడి నుంచి తెచ్చేవారు, ఆ డబ్బు ఎక్కడిది, పొలం అమ్మారా, కలిగినవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుని లేనివాళ్లకి సర్దేవారా, రాత్రిపూట పిలిస్తే సైకిల్ మీద వెళ్లేవారా, తన చేతిలో లేని కేసుని పట్నం పెద్దాసుపత్రికి పంపాలంటే బండి ఎవరిది, ఖర్చు ఎవరు పెట్టుకునేవారు, ఇంట్లో వాళ్లు దీన్ని ఎలా భరించారు. ఇవి తెలిస్తే మనిషి కళ్ల ముందుకొస్తాడు. ఇంకో లాభం కూడా ఉంది, చదివినవాడికి "ఇలా నేనూ చేయొచ్చే" అనిపిస్తుంది. దేవుణ్ణి ఎవరూ అనుకరించలేరు కదా, సైకిల్ మీద వెళ్లిన మనిషిని అనుకరించవచ్చు.

ఇప్పుడు పెద్దవాళ్లతో మాట్లాడటం. దీనికి కాస్త ఓపిక కావాలి. మైకు పెట్టి "ఆయన గొప్పతనం గురించి చెప్పండి తాతగారూ" అంటే ఆయన కూడా ఉపన్యాసం మొదలుపెడతాడు, పై నాలుగు విశేషణాలే మళ్లీ వస్తాయి. గొప్పతనం మాట అసలు ఎత్తకండి. మీరు ఆయన్ని మొదటిసారి ఎక్కడ చూశారు, అప్పుడు మీకెన్నేళ్లు, ఆ ఇంటి ముందు పొద్దున్నే ఎవరెవరు కూర్చునేవారు, స్కూలు రాకముందు ఆ స్థలంలో ఏముండేది, పిల్లలు చదువుకోడానికి ఏ ఊరు నడిచి వెళ్లేవారు, వర్షాకాలంలో వాగు ఎలా దాటేవారు, ఇలా అడగండి. సంవత్సరాలు అడిగితే చాలామంది చెప్పలేరు, కానీ "దివిసీమ ఉప్పెనకి ముందా తర్వాతా", "ఎన్టీఆర్ మొదటిసారి గెలిచినప్పటికే ఉందా" అంటే టక్కున చెబుతారు. ఉప్పెన 1977 నవంబరు, ఎన్టీఆర్ గెలిచింది 1983 జనవరి, అలా మీకు కాలం దొరుకుతుంది. తెలంగాణ ఊళ్లయితే పోలీస్ యాక్షన్ అంటే 1948 సెప్టెంబరు, పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు, ఇలాంటివి గుర్తులుగా పనికొస్తాయి.

ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి, ఇది తప్పకుండా. ఇంట్లో మగవాళ్ల ముందు కూర్చుంటే "నాకేం తెలుసు నాయనా, ఆయన్నే అడుగు" అంటారు. వంటింటి గుమ్మం దగ్గర ఒక గంట కూర్చుంటే అసలు కథ అంతా వాళ్ల దగ్గరే ఉందని తెలుస్తుంది. మీ బృందంలో ఒక అమ్మాయి ఉంటే ఇది చాలా సులువవుతుంది. నాట్లు, కోతల రోజుల్లో వెళ్లి విసిగించకండి. ఒకసారి కలిసి వచ్చేయకుండా వారం తర్వాత మళ్లీ వెళ్లండి, మొదటిసారి మాట్లాడిన తర్వాత వాళ్లకి రాత్రిళ్లు ఇంకా ఎన్నో గుర్తొస్తాయి, రెండోసారి చెప్పేదే బాగుంటుంది.

రికార్డింగుకి మీ ఫోను చాలు, కాకపోతే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫ్యాను ఆపించి, మనిషికి దగ్గరగా పెట్టండి. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల పేరు మీ గొంతుతో చెప్పి, "ఇది రికార్డు చేసి దాస్తున్నాం, మీకు అభ్యంతరం లేదు కదా" అని అడిగి ఆ జవాబు కూడా రికార్డులోకి వచ్చేలా చూడండి. ఏదైనా "ఇది రాయొద్దు బాబూ" అంటే రాయొద్దు, అంతే, వాదించకండి. ఆ రాత్రే ఫైలుకి అర్థమయ్యే పేరు పెట్టి ఇంకో రెండు చోట్ల కాపీ చేయండి, ముఖ్యాంశాలు నోటుపుస్తకంలో రాయండి. ఈ ఒక్క పని వాయిదా వేసి ఫోను పోగొట్టుకుని లబోదిబోమన్న బృందాల్ని చూశాను.

ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు, దానికి కంగారు పడొద్దు. స్థలం ఎకరం అని ఒకరు, ఎకరంన్నర అని ఇంకొకరు, అది తాత ఇచ్చాడని ఒకరు, కాదు ఊరంతా చందాలేసుకుని కొన్నారని ఇంకొకరు. కాగితం దొరికేదాకా రెండూ రాసిపెట్టండి, ఎవరు ఏది చెప్పారో పేరుతో సహా. ఊళ్లో పలుకుబడి ఉన్నాయన చెప్పాడు కదా అని రెండోది కొట్టేయడం మాత్రం చేయకండి, చాలాసార్లు ఆ రెండోదే నిజమని తేలుతుంది.

ఇంకో పెద్ద విషయం, నాకు బాగా పట్టింపు ఉన్న విషయం. మీరు ముగ్గురి పేర్లు చెప్పారు, ముగ్గురూ మగవాళ్లే. మాట్లాడటం మొదలుపెట్టాక ఆ జాబితా పెరగాలి, పెరగకపోతే మీరు ఒకే వీధిలో తిరుగుతున్నారని అర్థం. మనం ఎప్పుడూ మొదటి వరసలో నిలబడినవాణ్ణే గుర్తుపెట్టుకుంటాం. ధవళేశ్వరం ఆనకట్ట అనగానే కాటన్ దొర గుర్తొస్తాడు, గోదావరి జిల్లాల్లో ఆయనకి దండం పెట్టేవాళ్లు ఉన్నారు, పెట్టాల్సిందే. కానీ 1847 నుంచి 1852 దాకా ఆ పని జరిగినప్పుడు ఇక్కడి కూలీల్ని సమకూర్చి, పనిని దగ్గరుండి నడిపించిన వీణం వీరన్న పేరు ఆ నీళ్లతో పండించుకునేవాళ్లలో ఎంతమందికి తెలుసు? రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు చేయించిన మొదటి వితంతు వివాహం పాఠాల్లో ఉంటుంది. ఆ ఉద్యమానికి డబ్బు సర్దిన కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు, ఊరు వెలివేసినంత పని చేసినప్పుడు ఇంటికి వచ్చినవాళ్లందరికీ తన చేత్తో వండిపెట్టిన వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు, వీళ్లు లేకపోతే అది జరిగేదే కాదు. 2025 ఏప్రిల్‌లో పోయిన వనజీవి రామయ్య గారిని తీసుకోండి, ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి ఆయనది, కోటికి పైగా మొక్కలు నాటినాయనగా 2017లో పద్మశ్రీ ఇచ్చారు. విత్తనాలు ఏరడంలోనూ మొక్కలు పెంచడంలోనూ ఆయనతో పాటు నడిచిన భార్య జానమ్మ గారి పేరు కూడా పక్కనే రాయాలి.

అందుకే మీ ఊళ్లో కూడా అడగండి. ఆస్పత్రి లేని రోజుల్లో ఊళ్లో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని ఎవరు? చెరువు కింద ఆయకట్టుకి చివరి మడి దాకా నీళ్లు సరిగ్గా పంచిన నీరుగంటి ఎవరు? గాలివానలో స్తంభం ఎక్కి కరెంటు తెచ్చిన లైన్‌మన్, దిక్కులేని శవానికి గుంట తవ్వినవాడు, చదువు రానివాళ్లకి మనియార్డర్ ఫారాలు, ఉత్తరాలు రాసిపెట్టిన పోస్ట్‌మన్, కరువులో తన బావి గేటు తీసిపెట్టిన ఇల్లాలు. వీళ్లకి ఫలకాలుండవు, చందా పుస్తకంలో పేరుండదు. పల్లెల్లో, పేటల్లో, గూడేల్లో, తండాల్లో కూర్చుని అడిగితేనే బయటికొస్తాయి ఈ పేర్లు. ఊరికి మేలు చేసినవాళ్లంటే డబ్బు ఇచ్చినవాళ్లని మాత్రమే అనుకుంటే, డబ్బున్నవాళ్ల చరిత్ర మాత్రమే మిగులుతుంది.

కాగితాల సంగతికి వద్దాం. మీ స్కూలు స్థలం విషయంలో ఇది కేవలం చరిత్ర కోసం అనుకోకండి, రేపటి గొడవ ఆపడానికి కూడా. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తిని దానంగా ఇవ్వాలంటే రిజిస్టరు చేసిన పత్రం ఉండాలి, ఇచ్చినవాళ్లు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులుండాలి. మన పల్లెల్లో ఎన్నో స్కూళ్లు, ఆస్పత్రులు, శ్మశానాలు నోటిమాట మీద ఇచ్చిన స్థలాల్లో నడుస్తున్నాయి. ఇచ్చిన తరం ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, కొడుకుల తరం కూడా పరువు కోసం ఊరుకుంటుంది. రోడ్డు పడి ధర పెరిగాక, ఎక్కడో ఉద్యోగంలో ఉన్న మనవడు వచ్చి పాస్‌బుక్‌లో ఇంకా మా తాత పేరే ఉంది కదా అంటాడు. ఒక ఊళ్లో ప్రహరీ కట్టబోతే ఇలాగే పని ఆగింది. అక్కడ చివరికి పనికొచ్చినవి, ఇచ్చిన రోజుల్లో పంచాయతీ చేసిన తీర్మానం నకలు, పాత రికార్డులు, ఆనాటి పెద్దల వాంగ్మూలాలు. అన్నింటికన్నా ఎక్కువగా, తాత ఎందుకు ఇచ్చాడో ఒక ముసలావిడ ఆ కుర్రాడికి ఎదురుగా కూర్చుని చెప్పడం. ఆ కుటుంబమే తర్వాత రిజిస్ట్రేషన్ చేసింది. మీ విషయంలో కూడా పెద్దాయన వారసుల్ని శత్రువుల్లా చూడకుండా ముందే కలుపుకోండి, కాగితం లేకపోతే వాళ్ల చేతుల మీదుగానే రిజిస్టరు చేయించి ఆ రోజునే ఫలకం పెట్టండి.

ఎక్కడ వెతకాలంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా. 1983 తర్వాతివి కంప్యూటర్లో తేలిగ్గా వస్తాయి, అంతకు ముందువి పాత పుస్తకాల్లో వెతికించాలి, సర్వే నంబరు, సుమారు సంవత్సరం చేతిలో ఉంటే పని అవుతుంది. రెవెన్యూ వైపు ఆంధ్ర ఊళ్లకి ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూసర్వే రిజిస్టరు), అడంగల్ (ఏటా సాగు వివరాలు రాసే పుస్తకం). తెలంగాణ ఊళ్లకి సేత్వారు (పాత సర్వే రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి ఎవరి పేరిట, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు). స్కూల్లో అడ్మిషన్ రిజిస్టర్ మొదటి పేజీలు, లాగ్‌బుక్, పాత తనిఖీ నివేదికలు చూడండి, మొదటి బ్యాచ్ పిల్లల పేర్లు అక్కడే ఉంటాయి, వాళ్లలో కొందరు ఇంకా ఊళ్లోనే ఉంటారు. పంచాయతీ మినిట్స్ పుస్తకాలు అడగండి, మామూలుగా అడిగితే చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. పాత బల్లల మీద, గోడ గడియారాల వెనక, బీరువా తలుపుల మీద, గుడి మెట్ల మీద, రేవు రాళ్ల మీద "ఫలానావారి జ్ఞాపకార్థం" అని రాసి ఉంటుంది, సున్నం కొట్టి కొట్టి చాలావాటి అక్షరాలు పూడిపోయాయి. వాటిని ఇనుప బ్రష్‌తో గీకకండి. పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పెట్టి ఫొటో తీస్తే అక్షరాలు లేస్తాయి.

మీ ఊరు పాతదైతే కైఫియత్ ఉందేమో చూడండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గర, పెద్దల దగ్గర సేకరించిన వృత్తాంతాలవి, చెరువు ఎవరు తవ్వించారు, తోపు ఎవరు వేయించారు లాంటివి వాటిలో దొరుకుతాయి. తర్వాతి కాలానికి పాత పత్రికలు. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచీ నడుస్తోంది, పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ అక్కడికి వెళతారు. రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904 నాటి రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, మీకు ఏది దగ్గరైతే అక్కడ. ఈ గ్రంథాలయాలు కూడా స్థానికులు చందాలేసుకుని, ఇళ్లలో పుస్తకాలు తెచ్చిచ్చి నిలబెట్టినవే. మీ మాష్టారి వసారా గ్రంథాలయం ఆ ఉద్యమంలో ఒక చివరి కొమ్మ, ఆయన గురించి రాసేటప్పుడు ఈ నేపథ్యం ఒక పేరా రాయండి. ఆయన పుస్తకాలు ఎవరింట్లోనైనా మిగిలి ఉంటే లోపలి పేజీల మీద ముద్ర, వరస నంబరు ఉంటాయి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసిన రిజిస్టర్ దొరికితే మాత్రం నాకు కబురు చేయండి, అంతకన్నా మంచి ఆధారం ఉండదు.

ఫొటోలు లేవని టెన్షన్ పడకండి. ఆయన ఇంట్లో లేకపోతే ఊరివాళ్ల ఇళ్లలో ఉంటాయి. పెళ్లి ఆల్బముల్లో అక్షింతలు వేస్తూ, టెన్త్ బ్యాచ్ గ్రూప్ ఫొటోలో కుర్చీల వరసలో, హెడ్మాస్టరు రిటైర్మెంట్ సభలో దండ పట్టుకుని, ఎక్కడో ఒక మూల నిలబడి ఉంటాడు. మొత్తం ఫొటోని స్కాన్ చేయించండి, మొహం వరకే కత్తిరించి మిగతాది వదిలేయకండి, పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు కూడా ఇప్పుడే అడిగి రాయండి. అసలు ఫొటో ఆ రోజే తిరిగిచ్చేయండి. ఏ ఫొటో దొరక్కపోతే ఫొటో లేకుండానే రాయండి. ఈ మధ్య ఏఐతో మొహాలు తయారు చేయించి ఫ్లెక్సీలు వేస్తున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, రెండేళ్లలో అదే అసలు మొహం అయిపోతుంది, చూసినవాళ్లు పోయాక సరిదిద్దేవాళ్లు ఉండరు.

ఇక రాసేటప్పుడు వచ్చే చిక్కు. మంచి చేసిన మనిషి అన్ని విషయాల్లోనూ మంచివాడై ఉండకపోవచ్చు. బడికి స్థలం ఇచ్చినాయన వడ్డీ దగ్గర కఠినంగా ఉండి ఉండొచ్చు, ఆ బడిలో మొదట్లో కొందరి పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి ఉండొచ్చు. ఇద్దరు ముగ్గురు చెప్పిన, కాగితంతో సరిపోయిన విషయమైతే ఒక వాక్యంలో మామూలు గొంతుతో రాయండి. పుకారైతే రాయొద్దు. పూర్తిగా దాచేస్తే, ఆ బాధ పడిన కుటుంబం వాళ్లు మీ పుస్తకం మొత్తాన్నీ అబద్ధం అనుకుంటారు, వాళ్లు అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు. అచ్చుకి ముందు ప్రతి కుటుంబానికీ వాళ్ల భాగం చదివి వినిపించండి. తారీఖులు, పేర్లు, చుట్టరికాలు వాళ్లు సరిచేస్తారు. పొగడ్త పెంచమంటే మాత్రం "ఇంకో సంఘటన చెప్పండి, అది రాస్తాం" అనండి, చాలావరకు అది పనిచేస్తుంది.

పేరు పెట్టడం కూడా గుర్తుపెట్టుకునే పద్ధతే, కానీ దానికి కథ తోడుండాలి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేని భూమి అడిగినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు, భూదానోద్యమం అక్కడ మొదలైంది, ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. ఊరి పేరులో ఆ పని నిలిచిపోయింది, పక్కా ఉదాహరణ. డొక్కా సీతమ్మ గారు 1909లో పోయారు, లంకల గన్నవరంలో గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకి వేళకాని వేళ కూడా అన్నం పెట్టిన ఇల్లాలు. ఇప్పుడు గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరుంది, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టింది. అన్నం పెట్టినావిడ పేరు బడిపిల్లల అన్నానికి పెట్టడం నాకు చాలా నచ్చింది, పనికీ పేరుకీ పొత్తు కుదిరింది. మీరు కూడా డాక్టరు గారి పేరు ఏ కమ్యూనిటీ హాలుకో పెట్టకుండా పీహెచ్‌సీలో రోగులు కూర్చునే వరండాకో, ఏడాదికోసారి జరిపే వైద్య శిబిరానికో పెట్టమని అడగండి.

మాష్టారి విషయంలో కడపని చూడండి. తెలుగు నిఘంటువు రాసిన ఇంగ్లీషు దొర సి.పి. బ్రౌన్ ఉండిన బంగళా శిథిలమై పోతే, ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలు పోగేసి, ఆ స్థలంలోనే బ్రౌన్ పేరుతో గ్రంథాలయం కట్టించే దాకా వదల్లేదు. తర్వాత అది యోగి వేమన విశ్వవిద్యాలయం కిందకి వెళ్లి భాషా పరిశోధన కేంద్రం అయింది, ఇవాళ్టికీ అక్కడ కూర్చుని చదువుకునేవాళ్లున్నారు. మీకు అంత పెద్దది అక్కర్లేదు. స్కూల్లో ఒక బీరువా, మాష్టారి పేరుతో, తాళం ఎప్పుడూ వేసి ఉంచనిది, దాని బాధ్యత ఎవరిదో ముందే రాసుకున్నది, అది చాలు. బాధ్యత ఎవరిదన్నది రాసుకోకుండా ప్రారంభోత్సవం మాత్రం చేయకండి.

పుస్తకం ఎలా తేవాలంటే, మీరు ఒక్కరే కూర్చుని రాయకుండా ఊరిని పిలవండి. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట వినపడితే సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకి దిగలేదు, గోలకొండ పత్రిక ద్వారా పిలుపిచ్చి 354 మంది కవుల్ని ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. ఊరి వాట్సాప్ గ్రూపులో మీరూ అలాంటి పిలుపే ఇవ్వండి: పేరు, పుట్టినిల్లు లేదా మెట్టినిల్లు, చేసిన పని, మీరు కళ్లతో చూసిన ఒక్క సంఘటన, ఇంతే అడగండి. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉన్నవాళ్లు డబ్బు పంపుతామంటారు, డబ్బుకన్నా ముందు ఆ ఒక్క సంఘటన రాయమనండి. వచ్చినవాటిని మీరు పెద్దవాళ్ల రికార్డింగులతో సరిచూసి, సంక్షిప్తంగా, ఒక్కొక్కరికి రెండు మూడు పేజీలు మించకుండా చేయండి. చివర్లో కొన్ని పేజీలు ఖాళీగా వదలండి, ప్రతి ఇంట్లో పెన్నుతో కలుపుకుంటారు.

అచ్చయ్యాక చేయాల్సినవి చాలామంది మర్చిపోతారు. తెలుగు వికీపీడియాలో మన రెండు రాష్ట్రాల ఊళ్లలో చాలావాటికి పేజీలున్నాయి, మీ ఊరి పేజీలో స్కూలు చరిత్ర, స్థలదాత పేరు ఆధారంతో చేర్చండి. ఆధారం లేకుండా రాస్తే తీసేస్తారు, మీ పుస్తకం గానీ పత్రికలో వచ్చిన వార్త గానీ ఆధారంగా చూపించాలి. మనిషి పేరుతో విడి వ్యాసం కోసం తొందరపడకండి, దానికి వాళ్ల నియమాలు కఠినంగానే ఉంటాయి. పీడీఎఫ్‌ని ఆర్కైవ్.ఆర్గ్‌లో పెట్టండి. అచ్చు ప్రతులు స్కూలుకి, మండల, జిల్లా గ్రంథాలయాలకి ఇవ్వండి. 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకి తలో ప్రతి పంపాలి, చిన్న పుస్తకమే కదా అని వదిలేయకండి, ఊళ్లో అన్ని ప్రతులూ చెదలు తినేసినా అక్కడ ఒకటి ఉంటుంది. రికార్డింగులు, స్కాన్లు, ఉత్తరాలు ఉన్న హార్డ్‌డిస్క్ ఒకటి స్కూల్లో, ఇంకొకటి మీ బృందంలో ఊరు వదలని మనిషి దగ్గర ఉంచండి. కాంపౌండరు గారి దగ్గరికి వెళ్లేముందు అడగాల్సిన ప్రశ్నలు రాసి ఇక్కడ పెడితే చూసి ఏమైనా కలపాలంటే చెబుతా.